జేబులో ఈసీ పెన్ను: మూడు సార్వాలు, రెండు దాళ్వాలు వాడాక

మా వైపు మోటారు వేసే ముందు రైతు దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలిక మీద వేసుకుంటాడు. చప్పగా ఉంటే చేనుకి పెడతాడు, ఉప్పగా ఉంటే ఆపుతాడు. అమలాపురం దాటి సముద్రం వైపు వెళ్ళే కొద్దీ ఈ అలవాటు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తుంది. మా నాన్నగారూ అదే చేసేవారు. నేను నేలలు, నీటి యాజమాన్యం మీద రైతులకి సలహాలు చెప్పే ఉద్యోగం ముప్ఫై నాలుగేళ్ళు చేసి 2021లో రిటైరయ్యాను. ఆ మరుసటి ఏడాది ఆన్‌లైన్‌లో 1,650 రూపాయలు పెట్టి ఒక ఈసీ పెన్ను, అంటే నీళ్ళ విద్యుత్ వాహకతని బట్టి అందులో ఉప్పు ఎంతుందో చెప్పే పరికరం, కొన్నాను. కాలువ చివర ఉండే శివారు రైతు ఇంట్లో మందు కొట్టే స్ప్రేయరు ఎంత అవసరమో ఈ పెన్నూ అంతే అవసరమని ఇప్పుడు నా నమ్మకం. ఎందుకో, ఎక్కడ జాగ్రత్త పడాలో వివరంగా రాస్తాను.

కంపెనీ పేరు రాయడం లేదు. ఒకే అచ్చులో పోసినట్టున్న పెన్నులు ఐదారు పేర్లతో అమ్ముతున్నారు. నేను రాసేది ఆ రకం మొత్తానికి వర్తిస్తుంది. జానెడు పొడవు, పైన చిన్న తెర, కింద మూత తీస్తే రెండు లోహపు పుల్లలు. నీళ్ళలో ముంచితే ఆ రెండు పుల్లల మధ్య కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలుస్తుంది. నీళ్ళలో లవణాలు ఎక్కువైతే కరెంటు తేలిగ్గా పారుతుంది, అంకె పెరుగుతుంది. ఇంతే దీని పని. పెట్టెలో పెన్నుతో పాటు 1413 అని రాసిన రెండు పొడి ప్యాకెట్లు, చిన్న బటన్ సెల్స్ నాలుగు, ఇంగ్లీషులోనూ చైనా భాషలోనూ అచ్చేసిన ఒక కాగితం వచ్చాయి. తెలుగులో ఒక్క ముక్క లేదు.

ఉద్యోగంలో ఉండగా ఇలాంటి పరికరం మా ల్యాబ్‌లో బల్ల మీద ఉండేది. టీవీ పెట్టెంత ఉండేది, కదిపితే పాడవుతుందని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. మేం గుడ్డ సంచుల్లో మట్టి, సీసాల్లో నీళ్ళు పట్టుకుని అక్కడికి వెళ్ళేవాళ్ళం. 1996 నవంబరు 6 తుపాను తర్వాత సముద్రం పొంగి వచ్చిన తీర గ్రామాల్లో నేను తిరిగాను. కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయి ఉన్నాయి. పొలాల్లో నిలిచిన నీళ్ళు ఎండాక పైన తెల్లగా పొర కట్టింది. దాళ్వాకి (ఖరీఫ్ వరి సార్వా, రబీ వరి దాళ్వా) నారు పోయాలా వద్దా అని రైతులు అడుగుతున్నారు. నేను ఒక్కో ఊళ్ళో పది పదిహేను సంచులు నింపి పంపాను. అన్ని మండలాల నుంచీ ఒకేసారి సంచులు వచ్చి పడితే ల్యాబ్‌లో ఉన్న ఇద్దరు ముగ్గురు మాత్రం ఏం చేస్తారు? ఫలితాలు నా చేతికి వచ్చేసరికి నలభై రోజులు దాటింది. అప్పటికి ఒక పెద్దాయన అప్పు చేసి నాలుగెకరాలు ఊడ్చేశాడు. ఆ చేను ఇరవై రోజుల్లో తెల్లబడిపోయింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మీరు మాత్రం ఏం చేస్తారు లెండి సార్" అన్నాడు. ఆ రోజు ఈ పెన్ను నా జేబులో ఉండుంటే గట్టు మీద నిలబడే చెప్పగలిగేవాణ్ణి. పెన్ను మొదటిసారి ముంచినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు.

అంకెలు తెలియకపోతే పెన్ను పనికిరాదు కాబట్టి ముందు అవి. పెన్ను రెండు కొలతల్లో చూపిస్తుంది: మైక్రోసీమెన్స్, మిల్లీసీమెన్స్. వెయ్యి మైక్రో ఒక మిల్లీ. మా పుస్తకాల్లో డెసీసీమెన్స్ అని రాసేదీ మిల్లీతో సమానమే. సాగునీటికి మేం చదువుకున్న కొలబద్ద 1954లో అమెరికా లవణ నేలల ప్రయోగశాల ఇచ్చినది: 250 మైక్రో లోపు చాలా మంచి నీళ్ళు, 750 దాకా ఫరవాలేదు, 750 నుంచి 2250 వరకూ మురుగు బాగా దిగే నేలకి మాత్రమే, అది దాటితే మామూలుగా పెట్టకూడదు. వరి మొలకెత్తేటప్పుడు ఉప్పుని కొంత ఓర్చుకుంటుంది. లేత నారుగా ఉన్నప్పుడు, మళ్ళీ పూత మీద ఉన్నప్పుడు ఓర్చుకోలేదు. పిలకలు వేసే దశలో కాస్త గట్టిగా నిలబడుతుంది. తడి మట్టి ముద్దలోంచి లాగిన నీటిలో ఈసీ 3 దాటితే, అక్కడి నుంచి పెరిగే ఒక్కో యూనిట్‌కీ వరి దిగుబడి సుమారు 12 శాతం చొప్పున పడిపోతుందని లెక్క.

ఈ లెక్కలు రైతుకి ఇలా చెబితే ఎక్కవు. నేను ఎన్నో సభల్లో చెప్పి చూశాను, తలలూపి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు బస్తాల్లో చెబుతున్నాను. ఎకరం పొలానికి ఒక అంగుళం నీళ్ళు పెడితే సుమారు లక్ష లీటర్లు. పెన్ను 3 మిల్లీ చూపిస్తే లీటరుకి దాదాపు రెండు గ్రాముల ఉప్పు ఉన్నట్టు. అంటే ఆ ఒక్క తడితో ఎకరంలోకి దగ్గర దగ్గర రెండు వందల కిలోలు, యాభై కిలోల ఉప్పు బస్తాలు నాలుగు, మనమే మోసుకెళ్ళి గుమ్మరించినట్టు. అదే 300 మైక్రో ఉన్న కాలువ నీళ్ళయితే ఇరవై కిలోలు. ఈ మాట చెప్పి, పక్కనే పెన్ను ముంచి చూపిస్తే మోటారు దగ్గరున్న మనిషి మొహం మారడం నా కళ్ళతో చూశాను.

ఒకసారి మా అబ్బాయి కారులో రాజమండ్రి నుంచి వస్తూ ధవళేశ్వరం దగ్గర ఆగి బ్యారేజీ నీళ్ళలో ముంచాను: 280. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కట్టించిన ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ అది. అక్కడి నుంచి బొబ్బర్లంక, కొత్తపేట, అంబాజీపేట, అమలాపురం, రోడ్డు పక్కన కాలువ తగిలిన చోటల్లా దిగి ముంచుకుంటూ వచ్చాను. అమలాపురం దగ్గర 340. మా ఊరి చివరి తూములో 390. అక్కడ నుంచి మా బోదెలోకి (పొలాలకి నీళ్ళు పారే చిన్న కాలువలోకి) దిగాక 610. రెండు ఫర్లాంగుల దూరంలో అంత పెరిగిందంటే బోదెలోకి ఎక్కడో మురుగు ఊరుతోందన్నమాట. వెతికితే డ్రెయిను (మురుగు కాలువ) గట్టుకి పీతల బొరియలు కనిపించాయి. ఎన్నేళ్ళుగా ఊరుతోందో తెలియదు, ఎవరి నాలికకీ అందలేదు. పెన్ను లేకపోతే నాకూ తెలిసేది కాదు.

నాలిక విషయం తేల్చుకోవాలని నేనొక పరీక్ష పెట్టాను. వేరువేరు ఈసీల నీళ్ళు ఆరు గ్లాసుల్లో పోసి, ఊళ్ళో వ్యవసాయంలో తల పండిన ముగ్గురిని రుచి చూడమన్నాను. మూడు మిల్లీ పైన ఉన్న గ్లాసుల్ని ముగ్గురూ ఠక్కున పట్టేశారు. ఒకటికీ రెండున్నరకీ మధ్య ఉన్నవాటిని ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. లేత నారుని దెబ్బతీసే నీళ్ళు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటాయి. నాలిక ఉప్పు ఉందని చెప్పేసరికే నారుకి ఆలస్యమైపోతోంది.

ఇక అసలు సంగతి, మొదటి దాళ్వా. మా మూడెకరాలూ కౌలుకి చేసే అబ్బాయి నాకు వరసకి అన్న కొడుకవుతాడు. ఫిబ్రవరిలో గోదావరిలో నీళ్ళు తగ్గి, సీలేరు నుంచి వచ్చే నీటి మీద ఆధారపడే రోజులు మొదలయ్యాయి. కాలువకి వంతులు పెట్టారు. మా శివారుకి వంతు వచ్చినా తూములో అడుగు ఎత్తు నీళ్ళు రావు. అందరూ డ్రెయిన్ మీద ఇంజన్లు పెట్టుకున్నారు. పది రోజులకి మా చేలో డ్రెయిను పక్క మళ్ళు కళ తప్పాయి. ఆకు కొసలు తెల్లబడి మెలితిరిగాయి, గుంపులు గుంపులుగా మొక్క ఎదగకుండా నిలిచిపోయింది. వాడు మందుల కొట్టుకి వెళితే జింకు లోపమని జింకు ఇచ్చారు. తగ్గలేదంటే చౌడు అని పది బస్తాల జిప్సం అంటగట్టారు. ఆ తర్వాత నాకు ఫోన్ చేశాడు.

"బాబాయి గారూ, మీరోసారి వచ్చి చూడాలండీ. చేను చూస్తే టెన్షన్‌గా ఉందండీ."

నేను వెళ్ళేసరికి ఇంజను నడుస్తోంది. పైపులోంచి పడే నీళ్ళలో పెన్ను పెట్టాను: 4.6 మిల్లీ. డ్రెయిన్ ఒడ్డున వంగి పైనీళ్ళలో పెట్టాను: 1200 మైక్రో, అంటే 1.2 మిల్లీ. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఒకే డ్రెయిను, ఒకే నిమిషం. అప్పుడు నాకు చదువుకున్నది గుర్తొచ్చింది. ఉప్పునీరు మంచినీటి కన్నా బరువు. పోటు మీద సముద్రం నీరు డ్రెయిన్ అడుగున నాలుకలా పైకి పాకుతుంది, మంచినీళ్ళు దాని మీద తేలుతాయి. ఇంజను ఫుట్‌వాల్వు (నీళ్ళు పీల్చే పైపు కొస) డ్రెయిన్ అడుగున బురదలో పడి ఉంది. అంటే నెల రోజులుగా పైన మంచినీళ్ళు పెట్టుకుని కింద ఉప్పునీళ్ళు తోడి చేనుకి పోస్తున్నాం.

అది రుజువు చేయాలి కదా. ఒక అరలీటరు గాజు సీసా తీసుకుని దానికి రాయి కట్టాను. మూతకి బదులు రబ్బరు బిరడా పెట్టి, బిరడాకి వేరే దారం కట్టాను. సీసా అడుగుకి చేరాక దారం లాగితే బిరడా ఊడి అక్కడి నీళ్ళే లోపలికి వెళతాయి. పైకి తీసి ముంచితే 5.3. కుర్రాడు ఏం మాట్లాడకుండా వెళ్ళి ఇంజను ఆపేశాడు.

సాయంత్రానికి ఒక ఇరవై లీటర్ల ఖాళీ డబ్బాకి ఫుట్‌వాల్వు వేలాడదీసి, పైనీటికి అడుగు లోతులో ఉండేలా కట్టాం. ఏ వేళకి తోడాలన్నది చేపలు పట్టేవాళ్ళని అడిగాం. పోటూ పాటూ రోజుకి రెండేసి సార్లు వస్తాయి, రోజు రోజుకీ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ. పాటు ముగిసే వేళ, అంటే నీళ్ళు సముద్రం వైపు లాగేసి మళ్ళీ తిరగబోయే ముందు, తోడితే పైపులో 1100 నుంచి 1400 మైక్రో మధ్య వచ్చింది. ఆ గంటన్నర మాత్రమే ఇంజను వేసుకోవాలి. అర్ధరాత్రి రెండింటికి పాటు వస్తే అర్ధరాత్రే లేవాలి. మా వాడూ, వాడి భార్యా లేచారు. కాలువ వంతు వచ్చిన రోజు ఆ నీళ్ళతో మడి నింపి, ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే మురుగులోకి వదిలేసి మళ్ళీ నింపాం. ఉప్పు కడగడానికి ఇదే మార్గం, కానీ మురుగు దిగే దారి ఉండాలి.

చేనంతా కోలుకుందని చెప్పను. డ్రెయిను పక్క అరెకరం చాలా వరకు తాలే వచ్చింది. మిగతా రెండున్నర ఎకరాలూ నిలబడి ఎకరాకి ముప్ఫై ఒకటి బస్తాలు ఇచ్చాయి. పక్క చేల వాళ్ళకి ఇరవై, పద్దెనిమిది.

ఇక్కడ జిప్సం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఏడాదీ దీని మీద జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు. జిప్సం చెడ్డది కాదు. కారు చౌడుకి అది మందే. ఆ నేలలో సోడియం మట్టి రేణువుల్ని పట్టుకుని ఉంటుంది, ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటుతుంది, నీరు ఇంకదు. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తోసేస్తుంది. మాది పాల చౌడు. పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, దానికి మంచినీళ్ళూ మురుగు దారీ కావాలి. రెంటికీ తేడా ఈ పెన్ను ఒక్కటే చెప్పలేదు. ఈసీ ఎంతో చెబుతుంది, అంతవరకే. ఏ చౌడో తేల్చాలంటే మట్టిని ల్యాబ్‌కి పంపి తీరాలి. 2015 నుంచి ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డులో పన్నెండు అంశాలుంటాయి, అందులో ఈసీ ఒకటి. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు వంటి మిగతావి ఈ పెన్నుకి అందవు. పెన్ను కొన్నాం కదా అని మట్టి పరీక్ష మానేయకండి.

మట్టికి కూడా పెన్ను వాడొచ్చు, నేను వాడుతున్నాను. మడిలో ఐదారు చోట్ల జానెడు లోతు మట్టి తీసి కలిపి, నీడన ఆరబెట్టి, పొడి చేసుకోవాలి. ఒక వంతు మట్టికి రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ పోసి, అరగంట పాటు మధ్య మధ్యలో కలిపి, పైన తేరాక ముంచాలి. ఒక మిల్లీ లోపు ఉంటే బెంగ లేదు. ఒకటికీ రెండుకీ మధ్య ఉంటే మొలకకి ఇబ్బంది. రెండు దాటితే ఉప్పు ఓర్చుకోలేని పంటలు దెబ్బతింటాయి, నాలుగు దాటితే దాదాపు అన్నీ దెబ్బతింటాయి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీల షాపులో దొరుకుతుంది. ఊళ్ళో మినరల్ వాటర్ ప్లాంటు నీళ్ళు వాడాలనుకుంటే ముందు వాటినే పెన్నుతో చూసుకోండి, మా ఊరి ప్లాంటులో 90 మైక్రో వచ్చింది.

రీడింగు రెండున్నర వచ్చిన మడిని వదిలేయక్కర్లేదు. జీలుగ వేసి కలియదున్నడం, ముదురు నారు తీసుకుని దగ్గర దగ్గరగా, కుదురుకి రెండు మొక్కలు ఎక్కువ పెట్టి ఊడ్చడం మేం ఎప్పటి నుంచో చెబుతున్నదే. మచిలీపట్నం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎంసీఎం 100, 101 లాంటి చౌడుని తట్టుకునే రకాలూ ఉన్నాయి. ఇంకొకటి. నీరు ఆదా చేయడానికి మడిని తడిపి ఆరబెట్టే పద్ధతి మామూలు నేలల్లో బాగుంటుంది, నేనే దాన్ని ఎన్నో ఊళ్ళలో ప్రచారం చేశాను. ఉప్పు ఉన్న మడిలో మాత్రం ఆరబెట్టకండి. ఆరితే కింద ఉప్పు పైకి లాగుతుంది. అక్కడ పల్చగా అయినా నీరు నిలవాలి.

పెన్నులో లోపాలు లేకపోలేదు. మొదటి పెన్ను నెల తిరక్కుండానే తెర లోపల చెమ్మ పట్టి అంకెలు చెదిరిపోయాయి. నీళ్ళలో పడినా ఫరవాలేదని పెట్టె మీద రాశారు, కానీ గీత దాటి ముంచితే ఆగదు. అమ్మినవాళ్ళకి ఫొటోలు పంపితే తొమ్మిది రోజులకి జవాబిచ్చారు, ఆ తర్వాత వారానికి కొత్తది పంపారు. సీజన్‌లో ఆ పదహారు రోజులు చాలా పెద్ద కాలం.

అంతకన్నా ప్రమాదకరమైన లోపం తెరలో ఉంది. 1999 మైక్రో దాటగానే పెన్ను తనంతట తాను మిల్లీలోకి మారిపోతుంది. తెర మీద 1999 పోయి 2.00 కనిపిస్తుంది. కొలత మారిందని చెప్పే అక్షరం మినప గింజంత ఉంటుంది. కొత్తలో ఒక రోజు మా వాడు ఫోన్ చేసి, "పొద్దున్న 1850 ఉందండీ బాబాయి గారూ, ఇప్పుడు రెండూ పదికి దిగిందండీ, ఇంజను వేసేశానండీ" అన్నాడు సంతోషంగా. నాకు గుండె జారిపోయింది. నేను వెళ్ళేలోపు గంట సేపు తోడేశాడు. తప్పు వాడిది కాదు. 1850 కన్నా 2.10 తక్కువని ఎవరైనా అనుకుంటారు. అప్పటి నుంచి పెన్ను మూత మీద తెల్ల టేపు అంటించి, "చుక్క కనిపిస్తే ఇంజను వేయొద్దు" అని పెద్ద అక్షరాలతో రాశాను. మీరు కొంటే మొదటి రోజే ఈ పని చేయండి. కంపెనీలు దీన్ని సరిచేయాలి, రైతు కోసం అమ్మే పరికరంలో ఇలా ఉండకూడదు.

పీపీఎం మీటలో ఇంకో తిరకాసు ఉంది. పీపీఎంకి మార్చడానికి కొన్ని పెన్నులు ఈసీని 0.5తో గుణిస్తాయి, కొన్ని 0.64తో, ఇంకొన్ని 0.7తో. ఇద్దరు రైతులు రెండు పెన్నులతో ఒకే బావిలో ముంచి వేరువేరు అంకెలు చెప్పి గొడవపడడం చూశాను. ఈసీలోనే ఉంచుకుంటే ఆ గొడవ ఉండదు.

మూడు నెలలకోసారి పెన్నుని సరిచూడాలి. 1413 ప్యాకెట్టు కలిపిన నీళ్ళలో 25 డిగ్రీల దగ్గర అది 1413 చూపించాలి. నాది ఆర్నెల్లు వదిలేస్తే 1290కి పడిపోయింది. ప్యాకెట్లు అయిపోతే ఖర్చే. తెలిసిన కాలేజీ ల్యాబ్ ఉంటే స్వచ్ఛమైన పొటాషియం క్లోరైడు 0.746 గ్రాములు తూయించి లీటరు డిస్టిల్డ్ వాటర్లో కలపండి, అదే ద్రావణం. ఎరువుల కొట్టు పొటాష్ దీనికి పనికిరాదు. మధ్యాహ్నం మడిలో నీళ్ళు కాగి ఉంటాయి, ముంచగానే వచ్చిన అంకె నమ్మకుండా నిమిషం ఆగాలి. పుల్లల మీద బురద ఎండితే రీడింగు తక్కువ చూపిస్తుంది, వాడిన వెంటనే కడగాలి, వేళ్ళతో రుద్దకూడదు. పొటాష్ చల్లిన మర్నాడు మడిలో రీడింగు పెరుగుతుంది, కంగారు పడకండి. యూరియాకి మాత్రం వెంటనే కదలదు, అది కరిగినా విద్యుత్తుని మోసే అణువు కాదు.

దీనితో పాటు నేను మట్టిలో గుచ్చే త్రీ ఇన్ వన్ మీటరు కూడా 450 రూపాయలకి తెప్పించాను. తేమ, వెలుతురు, ఉదజని సూచిక మూడూ చెబుతుందట. పాల చౌడులోనూ, ఇంటి పెరట్లోనూ, చివరికి నిమ్మరసం కలిపిన మట్టిలోనూ ముల్లు 7 దగ్గరే నిలబడింది. కొనకండి.

పెన్ను వల్ల అనుకోని మేలు ఒకటి జరిగింది. మా చేనుకి దక్షిణాన రొయ్యల చెరువు ఉంది. దాని ఊట వల్ల చేను పాడవుతోందని మావాళ్ళూ, కాదని వాళ్ళూ రెండేళ్ళుగా మాటా మాటా అనుకుంటున్నారు. నేను చెరువు గట్టు నుంచి పది అడుగులకో గుంట తవ్వించి, ఊరిన నీళ్ళలో అందరి ముందూ ముంచాను: మిల్లీల్లో చెబితే 6.1, 4.4, 2.7, 1.5. చెరువు ఆసామి తనే వంగి చూశాడు. వారం తిరక్కుండా గట్టు వెంబడి కందకం తవ్వించి ఊట నీళ్ళు డ్రెయిన్‌లోకి మళ్ళించాడు. నా ఉద్యోగ కాలంలో ఇలాంటి తగాదాలకి వెళితే ఫలానా వాళ్ళ పక్షం మాట్లాడాడని రెండో వాళ్ళు అనుకునేవారు.

పెన్ను ఇప్పుడు నా దగ్గర లేదు. కౌలు చేసే అబ్బాయి భార్య దగ్గర ఉంది. డిగ్రీ మధ్యలో ఆపేసిన పిల్ల. స్కూలు నోటుబుక్కు పెట్టుకుని తేదీ, వేళ, పోటా పాటా, తూములో ఎంత, డ్రెయిన్ పైన ఎంత, అడుగున ఎంత అని గళ్ళు గీసుకుని రాస్తోంది. రెండో దాళ్వా నుంచి వీధిలో నలుగురు రైతులు ఇంజను వేసే ముందు తనని అడుగుతున్నారు. నాలుగు కుటుంబాలు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది, మనిషికి నాలుగు వందలు. జింకుకీ జిప్సానికీ ఆ ఏడాది మా వాడు పెట్టింది నాలుగు వేలు.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తెర మీద చుక్క కోసం, తెలుగు కాగితం లేనందుకు తగ్గించాను. కొనేటప్పుడు 1413 ప్యాకెట్లు నాలుగైనా అదనంగా తెప్పించుకోండి. నిన్న సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది: "మావయ్యగారూ, ప్యాకెట్లు అయిపోయాయండీ. కాలువ వంతు గురువారం అంటున్నారు, ఈలోపు సరిచూసుకోవాలండీ." రేపు పొద్దున్నే లీటరు ద్రావణం కలిపి తీసుకెళ్ళాలి.